రెండు వైపులా నలుపే

"బట్టలకు బొగ్గు ఉన్నది. చెమట లేదు," అంది పూలమ్మ.

సదయ్య వాకిట్లో బండ మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నాడు. చేతిలో చెంబు ఆగింది.

"ఏ బట్టలు?"

"నీ బట్టలే. ఇంకెవలియి? పదకొండు రోజుల సంది ఉతుకుతున్న. దులిపితే బొగ్గు రాలుతాంది. గనిల పని జేసినోని అంగీ దులిపితే రాలుతదా? మందు వాసన లేదు, చెమట వాసన లేదు. ఏడ పూసుకుంటున్నవ్ ఆ బొగ్గు?"

సదయ్య మడమ రుద్దుకున్నాడు. బొగ్గు పేల్చే మందు పొగ ఎట్లా ఉంటుందో పూలమ్మకు ఎవరూ చెప్పనక్కర లేదు. పెళ్లికి ముందు అన్న బట్టలు ఉతికింది. పెళ్లయిన తర్వాత పదేళ్లుగా మొగుడి బట్టలు ఉతుకుతోంది.

"మాట్లాడు."

"ఏం మాట్లాడాలె?"

"డ్యూటీకి పోతున్నవా, లేదా?"

"లేదు."

ఆమె అబద్ధానికి సిద్ధపడి ఉంది. నిజం ఒక్క మాటలో వచ్చింది. తడి అంగీ చేతిలో పట్టుకుని నిలబడింది.

"మరి టిఫిను పట్టుకొని పొద్దుగాల్నే ఏడికి పోతున్నవ్?"

"క్లబ్బుకు."

"బంతాటకా?"

"ఆఁ."

"మా అన్న పోయి మూడు నెల్లు గాలె," అంది పూలమ్మ. "నువ్వు బంతాట ఆడుతున్నవ్."

సదయ్య చెంబులో మిగిలిన నీళ్లు కాళ్ల మీద పోసుకుని లోపలికి వెళ్లాడు. అంగీని తీగ మీద ఆరేసి పూలమ్మ కూడా లోపలికి వెళ్లింది. అది గురువారం సాయంత్రం. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాట లేదు.

ఎల్లన్న పూలమ్మకు అన్న, సదయ్యకు బావ. గనిలో ఇద్దరిదీ ఒకే జోడీ. ఏడేళ్లు ఒకే బొగ్గు టబ్బు నింపారు. జనవరి రెండో వారంలో పైకప్పు కూలింది. ఎల్లన్న దాని కింద పోయాడు. సదయ్య భుజం మీద గీతతో పైకి వచ్చాడు. రెండు నెలలు అతనికి పైన యార్డులో పని ఇచ్చారు. పన్నెండు రోజుల కిందట మళ్లీ కిందికి దిగమన్నారు.

*

శుక్రవారం పొద్దున నల్లా దగ్గర పక్కింటి సారక్క బిందె కింద పెట్టి మాట అందుకుంది.

"ఏందే పూలా, మీ ఆయిన క్లబ్బుల గోడతోని ఆడుతుండట? గోడ గెలుస్తాందా, మీ ఆయిన గెలుస్తుండా?"

"గోడే గెలుస్తాంది అక్కా. అది డ్యూటీకి పోయేది లేదు గద."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. సారక్క కూడా నవ్వింది.

"మావోడు తాగి పంటడు. మీవోడు తాగకుంట నిలవడ్డడు. గంతే ఫరక్."

పూలమ్మ బిందె నిండకముందే ఎత్తుకుంది.

ఇంటికి వచ్చేసరికి సదయ్య లేడు. ఆమె కట్టి పెట్టిన టిఫినూ లేదు. సంగతి తెలిసిపోయినా అతను టిఫిను పట్టుకుని పోయాడు. తెలిసినా ఆమె కట్టింది.

*

క్లబ్బులో టేబుల్ టెన్నిస్ బల్ల ఒక్కటే. పొద్దున పూట అక్కడికి ఎవరూ రారు. సదయ్య అంగీ విప్పి పక్కన పెట్టి, బల్లలో సగాన్ని గోడకు నిలబెట్టి మూడున్నర దాకా దానితో ఆడాడు. నాలుగింటికి చాంద్ పాషా వచ్చాడు. అతను ల్యాంపు రూంలో పని చేస్తాడు. పొద్దున షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చాక తీసుకోవడం అతని పని.

ఇద్దరూ కలిసి బల్ల సగాన్ని కిందికి దించారు.

"ఇంట్ల జెప్పినవా?" అన్నాడు చాంద్ పాషా.

"ఆమెనే అడిగింది. డ్యూటీకి పోతలేనని జెప్పిన."

"ఎందుకు పోతలేవో జెప్పినవా?"

"బంతి కొట్టు భాయి."

చాంద్ పాషా కొట్టాడు. ఆదివారం గని జట్టులో చోటు కోసం సదయ్యతో ఆడబోయేది ముత్యం. కరెంటు పనిలో హెల్పరు, ఇరవై రెండేళ్లవాడు, ప్రతి బంతినీ ముందుకు సుడి తిప్పి కొడతాడు. చాంద్ పాషా రెండు గంటల పాటు ముత్యంలాగా కొట్టాలి.

సదయ్య ఎదురు కొట్టడు. బల్లకు ఎనిమిది అడుగులు వెనక్కి నిలబడతాడు. బంతి కిందికి దిగేదాకా ఆగి, మోకాలి ఎత్తులో దాన్ని కిందికి కోస్తాడు. అతని బ్యాటుకు రెండు వైపులా రబ్బరు నలుపే. ఒక వైపుది రెండేళ్ల కిందట హైదరాబాదు నుంచి తెప్పించింది. అది బంతిని పట్టి తిప్పుతుంది. రెండో వైపుది పాతది. పదేళ్లు క్లబ్బు బీరువాలో పడి ఉండి వేడికి, బొగ్గు దుమ్ముకు గట్టిపడింది. దాని మీద వేలు పెడితే జారుతుంది. బంతి కూడా జారుతుంది. చాంద్ పాషా దాన్ని చచ్చిన రబ్బరు అంటాడు.

కొత్త రబ్బరుతో కోసిన బంతి వెనక్కి సుడి తిరుగుతూ పోతుంది. దాన్ని ఎత్తి కొట్టకపోతే వలలో పడుతుంది. చచ్చిన రబ్బరుతో కోసిన బంతిలో సుడి ఉండదు. దాన్ని ఎత్తి కొడితే బల్ల దాటిపోతుంది. కోత రెండింటికీ ఒకటే. మధ్యలో సదయ్య బ్యాటును వేళ్ల మధ్య తిప్పుతాడు. రంగు ఒకటే కాబట్టి ఏ వైపు తగిలిందో ఎదుటివాడికి కనబడదు. బంతి తన బ్యాటుకు తగిలాక గాని తెలియదు. అప్పటికి పాయింటు పోయి ఉంటుంది.

ఈ సంగతి క్లబ్బులో చాంద్ పాషా ఒక్కడికే తెలుసు. సదయ్య ఆ పాత వైపును ఎప్పుడూ తుడవడు.

"ముత్యంగాడు గెలవడు," అన్నాడు చాంద్ పాషా, వలలో పడ్డ బంతిని తీస్తూ. "పోయినసారి వాని మొకం జూసినవా? సుట్టాలింటికి పోతే తాళం ఉన్నట్టు."

సదయ్య నవ్వలేదు.

"గెలిస్తే టోర్నమెంటు దాక పైన డ్యూటీ ఇస్తరు. ఆరు నెల్లు. అది ఖాయమేనా భాయి?"

"జట్టుల ఉన్నోళ్లకు ఎప్పుడైనా అట్లనే ఇస్తరు. ప్రాక్టీసు జెయ్యాలె గద. ఆరు నెల్ల తర్వాత ఏం జేస్తవ్?"

"ఆరు నెల్లు గానీ."

"ఓడితే?"

"సోమవారం దిగాలె. ఇంకో మూడు నాగాలైతే పేరు తీసేస్తరు."

"దిగుతవా?"

సదయ్య బ్యాటును వేళ్ల మధ్య రెండుసార్లు తిప్పాడు.

"బంతి కొట్టు భాయి," అన్నాడు.

*

శనివారం నాలుగింటికి సదయ్య క్షవరానికి వెళ్లాడు. బ్యాటు తువ్వాలులో చుట్టి గూట్లో పెట్టాడు. అతను వెళ్లిన పావుగంటకు చాంద్ పాషా సైకిలు దిగి గుమ్మం బయట నిలబడ్డాడు.

"ఆయిన లేడన్నా," అంది పూలమ్మ.

"తెలుసు. లేడనే వచ్చిన చెల్లె."

ఆమె పీట వేసింది. అతను కూర్చోలేదు.

"మీ ఇద్దరి నడుమ మాట లేదంట."

"ఎవలు జెప్పిండ్రు?"

"ఎవలు జెప్పాలె? వాని మొకమే జెప్తాంది. నువ్వు ఏమనుకుంటున్నవో నాకు తెల్వది. బంతాట మీద పానం అయి డ్యూటీ ఎగ్గొడుతుండు అనుకుంటున్నవా?"

"ఇంకేమనుకోవాలె?"

"పొద్దున ఏడింటికి నా దగ్గరికొచ్చి ల్యాంపు తీసుకుంటడు. టోపీ పెట్టుకుంటడు. అందరితోని గని నోటి దాక పోతడు. ఆడ నిలవడతడు. ఎనకోళ్లు తప్పుకొని దిగిపోతరు. పది నిమిషాలకు మల్లొచ్చి ల్యాంపు నా చేతిల పెడతడు. పదమూడు రోజులు. ఒక్క రోజు గూడ తప్పలే."

పూలమ్మ గుమ్మం పట్టుకుంది.

"భయమైతాందా?"

"వాడు అనలే. నేను అడగలే. మొగోనితోని ఆ మాట ఎట్ల అడుగుతం? రేపు గెలిస్తే ఆరు నెల్లు పైన డ్యూటీ. అందుకే ఆ బంతాట. వానికి వేరే ఫికర్ లేదు." అతను సైకిలు తిప్పాడు. "నేను జెప్పిన్నని అనకు."

"అనను అన్నా."

అతను పోయాక ఆమె పీట తీసి గోడకు ఆనించింది. మూడు రోజులుగా తాను అన్నవి ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది. ఎక్కువ లేవు. బంతాట ఆడుతున్నవ్ అన్నదే ఆఖరి మాట.

ఏదో ఒకటి చెయ్యాలని ఉంది. కూర వండి ఉంది. ఇల్లు ఊడ్చి ఉంది. బట్టలు ఉతికి ఉన్నాయి. గూట్లో తువ్వాలు కనబడింది.

ఆమె బ్యాటును ఎప్పుడూ ముట్టలేదు. తువ్వాలు విప్పి రెండు వైపులా చూసింది. ఒక వైపు శుభ్రంగానే ఉంది. రెండో వైపు బొగ్గు దుమ్ము పేరుకుని పెచ్చులా అయింది. ఆ క్వార్టర్లలో నలుపు కనబడితే రుద్దడం ఆడవాళ్ల చేతికి అలవాటు. ఉతికే బండ మీద రుద్దుతారు, గోడల మీద రుద్దుతారు, పిల్లల మెడల మీద రుద్దుతారు. ఆమె గుడ్డ పేలికను కిరోసిన్‌లో ముంచి ఆ వైపును తుడిచింది. దుమ్ము కరిగి వచ్చింది. కింద ఇంకా మసి ఉంది. పీచుకు సబ్బు రాసి రుద్దింది. మళ్లీ కిరోసిన్‌తో తుడిచింది. అరగంట పట్టింది. చివరికి రెండు వైపులూ ఒక్కలాగా అయ్యాయి.

నీడలో ఆరబెట్టి, తువ్వాలు మార్చి, ఉతికిన తువ్వాలులో చుట్టి గూట్లో పెట్టింది.

సదయ్య వచ్చాక అన్నం పెట్టింది. ఈసారి వాకిట్లోకి పోలేదు. ఎదురుగా కూర్చుంది.

"రేపెన్ని గంటలకు?" అంది.

సదయ్య తల ఎత్తి చూశాడు.

"పదింటికి," అన్నాడు.

*

ఆదివారం తొమ్మిదిన్నరకు అతను తువ్వాలు విప్పాడు. పూలమ్మ పొయ్యి దగ్గర ఉంది, చూస్తోంది.

అతను పాత వైపు మీద బొటనవేలు పెట్టి కిందికి లాగాడు. వేలు జారలేదు. మెత్తబడిన రబ్బరు వేలిని పట్టుకుంది. మళ్లీ లాగాడు. వాసన చూశాడు.

"మస్తు మసి ఉండె," అంది పూలమ్మ. "గాసునూనె పెట్టి రుద్దిన. పోయింది."

సదయ్య బ్యాటును తువ్వాలులో చుట్టాడు.

"మంచిగైంది," అన్నాడు.

ఆమె నవ్వింది. ఎల్లన్న పోయాక ఆ ఇంట్లో నవ్వు అదే మొదటిది. సదయ్య అది చూసి, చెప్పులు వేసుకుని వెళ్లాడు.

అతను మలుపు తిరిగేదాకా ఆగి పూలమ్మ కూడా బయలుదేరింది. ఆడవాళ్లు క్లబ్బు లోపలికి పోరు. కిటికీ దగ్గర నిలబడితే ఎవరూ ఏమీ అనరు. అక్కడ చాంద్ పాషా ఉన్నాడు. ఆమెను చూసి పక్కకు జరిగాడు.

మూడు ఆటలు. రెండు గెలిచినవాడిది పందెం.

మొదటి ఆటలో ముత్యం ఎప్పటిలాగే సుడి తిప్పి కొట్టాడు. సదయ్య వెనక్కి పోయి బ్యాటు తిప్పి కోశాడు. సుడి లేకుండా పోవాల్సిన బంతి ఎత్తుగా లేచి బల్ల మధ్యలో పడింది. ముత్యం దాన్ని కొట్టిన చప్పుడు కిటికీ దాకా వచ్చింది. మరోసారి అట్లాగే అయింది. నాలుగోసారి బంతి బల్ల మీదే పడలేదు.

"ఏమైంది వీనికి?" అన్నాడు చాంద్ పాషా. "చచ్చిన రబ్బరు సుడి పట్టుడేంది?"

"చచ్చిన రబ్బరేందన్నా?"

అతను బల్ల మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు. ఒక వైపు బంతిని పట్టాలి, ఒక వైపు పట్టకూడదు. రెండూ ఒకటే అని ఎదుటివాడు మోసపోవాలి. ఆ దుమ్మే వాని ఆట.

పూలమ్మ కిటికీ చువ్వను పట్టుకుంది.

"నేను కడిగిన," అంది.

చాంద్ పాషా అప్పుడు తిరిగి చూశాడు.

"దేంతోని?"

"గాసునూనె. సబ్బు."

అతను తెరిచిన నోరు మూసుకున్నాడు.

మొదటి ఆట ఇరవై ఒకటికి పదకొండుతో పోయింది. రెండో ఆటలో సదయ్య బ్యాటు తిప్పడం మానేశాడు. కొత్త వైపుతోనే అన్ని బంతులూ కోశాడు. ఇరవై, ముప్పై కోతల దాకా సాగిన పాయింట్లు ఉన్నాయి. ఒకసారి గోడకు వీపు తగిలేదాకా వెనక్కి పోయి బంతిని తిరిగి బల్ల మీద వేశాడు. చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. కాని ప్రతి బంతీ ఒకటే రకం. ముత్యానికి అర్థమైంది. ప్రతి బంతినీ ఎత్తి కొట్టాడు. ఇరవై ఒకటికి పద్దెనిమిది.

ముత్యం బల్ల చుట్టూ తిరిగి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఎప్పుడు గిట్లనే ఆడొచ్చు గదా. మనిషికి సమజైతది."

"ఇగ ఆడను తమ్మీ," అన్నాడు సదయ్య. "మంచిగ కొట్టినవ్."

క్లబ్బు కార్యదర్శి జట్టు కాగితంలో ముత్యం పేరు రాశాడు.

*

క్లబ్బు నుంచి క్వార్టర్లకు పోయే దారిలో కల్వర్టు ఉంది. సదయ్య దాని గోడ మీద కూర్చున్నాడు. పూలమ్మ వెనకే వచ్చి ఎదురుగా నిలబడింది.

"బ్యాటు నేనే కరాబ్ జేసిన," అంది.

"తెలుసు."

"పొద్దుగాల్నే తెలుసా?"

"పట్టుకోంగనే తెలిసింది."

"మరి మంచిగైంది అంటివి."

"మూడు దినాల తర్వాత నువ్వు నా సామాను ముట్టినవ్. ఇంకేమనాలె?"

ఆమె అతని పక్కన కూర్చుంది. దారిలో ఎవరూ లేరు. ఆదివారం కావడంతో గని వైపు నుంచి చప్పుడు లేదు.

"నువ్వు గని నోటికాడికి పోయి మల్లొస్తున్నవని తెలుసు. భయమైతాందని తెలుసు. నాతోని ఒక్క మాట అంటే నేను బ్యాటు ముట్టకపోదును గద. భయమైతాందంటే నేనేమన్న నవ్వుతనా?"

"భయం గాదు."

"మరేంది?"

సదయ్య బ్యాటు చుట్టిన తువ్వాలును పక్కన పెట్టాడు.

"నీ నోటితోని జెప్పు. చాంద్ అన్న నోటితోని కాదు. రేపు దిగుతవా, దిగవా?"

"దిగలేను."

"ఎందుకు?"

అతను రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"కర్ర పలికింది," అన్నాడు.

"ఏ కర్ర?"

"పైకప్పుకు ఆనించిన కర్ర. కప్పు కూలే ముందు పలుకుతది. టక్కుమని. బావ టబ్బు దిక్కు వంగి ఉండె. పార చప్పుడుల ఆయినకు ఇనబడలే. నాకు ఇనబడ్డది."

పూలమ్మ కదలలేదు.

"జోడీల ఎవలికి ఇనబడితే వాళ్లు ఒర్రాలె. మొదటి రోజే నేర్పుతరు. బావా అని ఒక్కటి ఒర్రితే సాలు. నేను ఎనుకకు దుంకిన. కాళ్లు దుంకినయి. నోరు రాలే. గని నోటికాడ నిలవడితే రోజూ గదే కర్ర పలుకుతాంది పూలా. రోజూ నోరు వస్తలేదు."

"కర్ర పలకలే అన్నవ్. అందరికి గట్లనే జెప్పినవ్."

"జెప్పిన."

"వదినెకు గూడ గట్లనే జెప్పినవ్. ఆమె చెయ్యి పట్టుకొని జెప్పినవ్."

"జెప్పిన."

ఆమె లేచి నిలబడింది. కొంగు సవరించుకుంది. అతని వైపు తిరిగింది.

"కర్ర పలికినంక కప్పు కూలేదాక ఎంతసేపు ఉండె?"

"పూలా..."

"ఎక్కువ మాటలొద్దు. ఒక్కసారి ఒర్రేటంత సేపు ఉండెనా, లేదా?"

సదయ్య తల ఎత్తాడు.

"ఉండె," అన్నాడు.

పూలమ్మ నడక మొదలుపెట్టింది. కల్వర్టు దాటితే దారి రెండుగా చీలుతుంది. ఎడమ వైపుది వాళ్ల క్వార్టరుకు పోతుంది. కుడి వైపు వరుసలో మూడో ఇంట్లో ఎల్లన్న భార్య ఉంటుంది.

ఆమె కుడి వైపుకు తిరిగింది. సదయ్య పిలవాలనుకున్నాడు. నోరు రాలేదు.